లాజరు లారీకి ఎక్కిళ్లు

"కృష్ణా జిల్లాలో తప్పు చేసేవాళ్లు ఇక వేరే బతుకుతెరువు చూసుకోవడం మంచిది. నేను బయల్దేరాను," అని ప్రకటించాడు దుర్గాశంకర్, మైలవరం అవతల చెరకు తోటలో నిలబడి. కూలీలు చెరకు ఎత్తే పనిలో ఉన్నారు. విన్నది చిన్నప్పటి స్నేహితుడు లాజరు ఒక్కడే, అదీ తప్పక. తన కష్టం ఫోన్లో ఇతగాడికి చెప్పుకోవడమే లాజరు చేసిన పొరపాటు. మంగళగిరిలో చీరల కొట్టు కట్టేసి మరీ వచ్చి వాలాడు మహానుభావుడు.

లాజరు కష్టం అతని లారీ. నాన్న వదిలి వెళ్లిన పాత బండి. దసరా వెళ్లిన దగ్గర్నుంచీ ఇంజన్ మిస్ కొడుతోంది. బయల్దేరినప్పుడు బుద్ధిగానే ఉంటుంది, నాలుగు ఊళ్లు దాటేసరికి ఎక్కిళ్లు పెట్టి ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదుల్తుంది. ఆటోనగర్ మెకానిక్ ఫిల్టర్ మార్చాడు, పంపు విప్పాడు. డీజిల్ ట్యాంకు మూత తీసి పక్కనపెట్టి పొద్దంతా ఇంజన్ ఆడించి చూస్తే ఒక్క ఎక్కిలీ రాలేదు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అంతకుముందే దసరాకి దుర్గాశంకర్ ఆయుధపూజ అంటూ వచ్చి, బండిలో గుండ్రంగా కనబడ్డ ప్రతిదానికీ గంధం పూసి బొట్టు పెట్టి వెళ్లాడు. అదీ అక్కరకు రాలేదు.

రైతు అంకమ్మరావు గారు ఓపిక పట్టీ పట్టీ నిన్న తేల్చేశారు. ఈ లోడు దారిలో ఉండిపోకుండా వేళకి ఉయ్యూరు ఫ్యాక్టరీకి చేరాలి, లేదా ఈ సీజన్ చెరకు తోలకం ట్రాక్టర్ల వాళ్లకే. తోలకం పోతే లారీ పాత ఇనుముకే. నాన్న పట్టుకు తిరిగిన స్టీరింగు పాతసామాన్ల కొట్లో పడుంటుందని తలుచుకుంటే లాజరుకి ముద్ద దిగడం లేదు.

కొండపల్లి దాటగానే లారీ ఎక్కిలి పెట్టింది. లాజరు పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద తల ఆనించాడు.

దుర్గాశంకర్ దిగాడు. చీర పోగులు లెక్కపెట్టే భూతద్దం తీసి టైర్లు చూశాడు, హారన్ చూశాడు, దారిన పోయే మేకని అనుమానంగా చూశాడు. చివరికి డీజిల్ ట్యాంకు మూత విప్పి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"రుచిలో కుట్ర ఉంది," అన్నాడు ఉమ్మేస్తూ. "ఈ మూత సాక్ష్యం. ఎవరూ ముట్టుకోకూడదు."

మూత లాల్చీ జేబులో పడింది. పోట్లాడే ఓపిక లేక లాజరు తన తువ్వాలు చింపి ట్యాంకు మూతికి కట్టి బండి తీశాడు.

విజయవాడ దాటింది. కంకిపాడు దాటింది. ప్రతి వంతెన మీదా లాజరు ఊపిరి బిగబట్టాడు. ఎక్కిలి రాలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ముందే వచ్చి కాచుకున్న అంకమ్మరావు గారు లారీని ఎగాదిగా చూసి, "రేపు కూడా నువ్వే రా లాజరూ," అన్నారు. లాజరుకి కళ్లు చెమర్చాయి.

అప్పుడు దుర్గాశంకర్‌ని అడిగి మూత తీసుకున్నాడు. ట్యాంకులో డీజిల్ తగ్గే కొద్దీ లోపలికి గాలి పోవాలి, అందుకే మూతకి సన్నని కన్నం ఉంటుంది. ఆ కన్నం నిండా ఎండి రాయైపోయిన గంధం. నడుమ కుంకుమ. దాని మీద చక్కగా ఒక బొటనవేలి ముద్ర.

"ముద్దాయి దొరికాడు!" అని దుర్గాశంకర్ మూత లాక్కున్నాడు. పోల్చి చూడ్డానికి తన బొటనవేలు పక్కన పెట్టాడు. భూతద్దంలోంచి మూతని చూశాడు, వేలిని చూశాడు. మళ్లీ మూతని చూశాడు. భూతద్దం మెల్లిగా జేబులో పెట్టుకున్నాడు.

"ముద్దాయి చెడ్డవాడు కాదురా," అన్నాడు. "ప్రేమకొద్దీ చేశాడు. కేసు మూసేస్తున్నా."

లాజరు పిన్నీసుతో కన్నం శుభ్రం చేసి మూత బిగించాడు.

"వచ్చే దసరాకీ ఆ ముద్దాయిని తీసుకురారా," అన్నాడు. "గంధం మాత్రం నేను పూస్తా."