పేరు చెప్పకూడని పెద్దాయన

ఆ ఆదివారం ఉదయం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. కొత్త పెళ్ళికొడుకు ఎల్దోస్ స్కీలు భుజాన వేసుకుని పై వాలుకు వెళతాడు. అత్తగారు వేడినీళ్ళ కొలనులో మెడదాకా మునిగి కూర్చుంటారు. మామగారు కుర్చీల రోప్‌వేలో నడిమి మజిలీ దాకా వెళ్ళి, కొండను చూసి, రెండు గిన్నెల చాయ్ తాగి, పన్నెండింటికల్లా దిగుతారు. కొత్తకోడలు జనెర్కె చిన్నపిల్లల వాలు మీద పడుతూ లేస్తూ స్కీ నేర్చుకుంటుంది. ఆ తర్వాత నలుగురూ కలిసి భోజనం.

హనీమూన్‌కు నలుగురేమిటని అడిగేవాళ్ళు వాళ్ళ ఊరు కెగెన్‌లో ఎవరూ లేరు. ఎల్దోస్ పనిచేసే గనుల కంపెనీ వాళ్ళు పెళ్ళి కానుకగా అల్మాటీ పైనున్న ఈ ఖరీదైన రిసార్టులో నాలుగు మంచాల గది ఇప్పించారు. "రెండు మంచాలు ఖాళీగా పడి ఉంటే చూడటానికి బాగుంటుందా?" అన్నారు అత్తగారు. జనెర్కెకు కూడా అందులో లోటు కనిపించలేదు. ఈ మధ్య ఆమెకు దేనిలోనూ లోటు కనిపించడం లేదు. పొద్దున ఫలహారం బల్ల మీద బొటనవేలంత గాజుసీసాల్లో ఆప్రికాట్ జామ్ పెట్టారు. వాటిని చూసినప్పటి నుంచి ఆమె మనసు నేల మీద లేదు. రెండు సీసాలు కోటు జేబులో వేసుకుంటుంటే భర్త చూడనే చూశాడు.

"దొంగతనమా?"

"కాదు. జ్ఞాపకార్థం."

"అయితే నా తరఫున కూడా ఒకటి జ్ఞాపకం ఉంచుకో," అని ఎల్దోస్ తన సీసా కూడా ఆమె జేబులోకి జారవిడిచాడు.

పెళ్ళయి ఆనాటికి ముప్పై ఎనిమిది రోజులు. జనెర్కెకు ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఎందుకంటే అత్తగారి దగ్గర ఒక వెండి కంకణం ఉంది. ఆవిడకు దాన్ని ఆవిడ అత్తగారు ఇచ్చారు. కొత్తకోడలు మామగారి పేరూ, ఆయన తండ్రి పేరూ నోటి వెంట రానివ్వకుండా నలభై రోజులు గడిపితే అది ఆమె చేతికి వస్తుంది. తర్వాత కూడా అనకూడదనుకోండి, కానీ నలభై దాటితే నోటికి అదుపు వచ్చేస్తుందని ఆ ఇంటి నమ్మకం. తోడికోడలు మెరుయెర్త్ పందొమ్మిదో రోజున పోస్టాఫీసులో పార్శిల్ అందుకుంటూ దాని మీదున్న మామగారి పేరు పైకి చదివేసింది. పదకొండేళ్ళయింది. ఇప్పటికీ ఇంటికి పార్శిల్ వస్తే చాలు, ఎవరో ఒకరు, "మెరుయెర్త్‌ను పిలవండి, చదివి పెడుతుంది," అంటారు. కంకణం తిరిగి పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు దాన్ని చేతిరుమాలులో చుట్టి అత్తగారు వెంట తెచ్చుకున్నారు, నలభయ్యో రోజు ఇంటికి వెళ్ళే దారిలో వస్తుంది కాబట్టి.

ఇంకా రెండే రోజులు.

పన్నెండున్నరయింది. మామగారు దిగలేదు. ఆయన భోజనం వేళ తప్పే మనిషి కాదు. ఊళ్ళో పశువుల డాక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఆవు ఈనుతున్నా సరే, "ఒక్క క్షణం ఆగమ్మా," అని దానికి చెప్పి ఇంటికొచ్చి తినిపోయేవారట. ఒంటిగంటకు జనెర్కె ఆయనకు ఫోన్ చేసింది. అత్తగారు కొలనులోకి దిగుతూ అప్పగించిన సంచిలో, ఆమె ఒళ్ళోనే, ఆయన ఫోన్ మోగింది. ఎల్దోస్‌కు చేసింది. చలికి అతని ఫోన్ ఎప్పుడో ప్రాణం విడిచింది. ఇక లాభం లేదని హాల్లోని రిసెప్షన్ బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడున్న రష్యన్ పిల్ల పేరు క్సేనియా. కరగాందా పట్నం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి మూడు వారాలు.

"మా ఇంటి పెద్దాయన కనిపించడం లేదండీ. రోప్‌వేలో పైకి వెళ్ళారు."

"కంగారు పడకండి. పేరు చెప్పండి, మైకులో పిలుస్తాను."

జనెర్కె నోరు తెరిచింది. మూసింది.

"పేరు చెప్పకూడదండీ."

"చెప్పకూడదా?"

"ఊహూఁ."

"పోనీ ఇంటిపేరు?"

"అదీ కుదరదు. అది వాళ్ళ నాన్నగారి పేరే."

క్సేనియా గొంతు తగ్గించింది. "మీ పేరైనా చెప్పవచ్చా?"

"జనెర్కె."

"ఇంటిపేరు?"

"పెళ్ళికి ముందుదైతే చెబుతాను."

కారణం చెప్పాలని ఆమెకు తోచలేదు. మామగారి పేరు కోడలు ఎందుకు అనకూడదో వివరించాల్సిన మనిషి ఆమెకు ఇంతవరకు ఎదురు కాలేదు. గది నంబరు చెప్పింది. క్సేనియా కంప్యూటరులో చూసింది. ఆ గది కంపెనీ పేరున ఉంది, మనుషుల పేర్లున్న చోట ఖాళీ. కిందటి శుక్రవారం సమావేశంలో మేనేజరు చెప్పిన మాట ఆమె చెవిలో మోగింది: పెద్ద పెద్దవాళ్ళు పేరు బయటపడకుండా వస్తుంటారు, తరచి తరచి అడగవద్దు.

"రాసి ఇవ్వగలరా?" అంది చివరికి, ఒక కాగితం జరుపుతూ.

జనెర్కె ముఖం వెలిగిపోయింది. కలం అందుకుంది. సరిగ్గా అప్పుడే తెల్లటి తువ్వాలు కోటులో, తలకు ఇంకో తువ్వాలు చుట్టుకుని, ఆవిర్లు కక్కుతూ అత్తగారు వచ్చారు.

"ఏం రాస్తున్నావే?"

"మామయ్యగారు దిగలేదత్తయ్యా. మైకులో పిలవడానికి ఆయన..."

"నోటికి లేని హక్కు చేతికెక్కడిదమ్మా?"

కలం బల్ల మీదికి దిగింది. క్సేనియా ఆశగా పెద్దావిడ వైపు తిరిగింది.

"అమ్మగారూ, మీరు ఆయనకు ఏమవుతారు?"

"భార్యను."

"హమ్మయ్య. అయితే ఆయన పేరు మీరు చెప్పేయండి."

"ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి అనలేదు. నీ మైకు కోసం అంటానా?"

"మరి ఇంట్లో ఎలా పిలుస్తారు?"

"పిలవను. దగ్గుతాను."

క్సేనియా లేచి తిన్నగా మేనేజరు గదిలోకి నడిచింది. హాన్నెస్ ఆల్ప్స్ కొండల్లో పాతికేళ్ళు పనిచేసి ఈ చలికాలమే ఇక్కడికి వచ్చినవాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"కట్టుకున్న భార్య కూడా చెప్పడం లేదా?"

"లేదు సార్. ఆవిడ దగ్గుతుందట."

హాన్నెస్ లేచి నిలబడి కోటు గుండీలు పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి తన కొండ మీద తప్పిపోవడం ఏమిటి. గబగబా మూడు ఆజ్ఞలు జారీ చేశాడు. ఆయన దొరికేదాకా ఎవరూ ఎక్కకూడదు, దిగకూడదు, రోప్‌వేలన్నీ ఆపేయాలి. గస్తీ వాళ్ళు మంచు బళ్ళు తీయాలి. వంటింట్లో ఏదో విందుకని ఉడికించి ఉంచిన గొర్రె తలను ఇక్కడి ఆచారం ప్రకారం ముఖ్య అతిథికి సిద్ధం చేయాలి.

కొండంతా మైకు మోగింది. "అతిథులకు విజ్ఞప్తి. పేరు చెప్పడానికి వీల్లేని ఒక పెద్దాయన, నక్కతోలు టోపీ, నెరిసిన మీసం, ఎక్కడున్నా కింది హాలుకు దయచేయవలసిందిగా మనవి."

ఐదు నిమిషాల్లో మొదటాయన వచ్చాడు. మీసం లేదు, టోపీ ఉన్నితో అల్లింది. "నేనిక్కడున్నానని మీకెవరు చెప్పారు?" అన్నాడు. రెండో ఆయన నల్లకళ్ళద్దాలు తీయకుండానే, "నా పేరు మీకు తెలియకపోవడమే మీకు మంచిది," అన్నాడు. మూడో ఆయన ఏమీ అడగలేదు, పెట్టె తెచ్చుకుని వెనక దారి ఎటని మాత్రం కనుక్కుని వెళ్ళిపోయాడు. ఇంకో పావుగంటకు హాల్లోని పొడవాటి సోఫా మీద పేరు చెప్పడానికి వీల్లేని పెద్దమనుషులు ఆరుగురు వరుసగా కూర్చుని, మిగతా ఐదుగురికి ఇక్కడేం పని అన్నట్టు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"వీళ్ళలో ఎవరైనా మీవారేనా?" అని హాన్నెస్ వంగి వినయంగా అడిగాడు. క్సేనియా ఆ మాటను అందించింది.

అత్తగారు సోఫాను ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. "మా ఆయన మీసానికి ఈపాటికి ఏదో ఒకటి అంటుకుని ఉంటుంది. వీళ్ళు మరీ శుభ్రంగా ఉన్నారు."

అప్పుడు గస్తీ పనివాడు తలాప్ మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. "రోప్‌వే ఆపమన్నదెవరు సార్? అరగంట నుంచి జనం కుర్చీల్లో వేలాడుతున్నారు. అందులో నక్కతోలు టోపీలు మూడు."

జనెర్కె అప్పటికే తలుపు దాటింది. అత్తగారు తువ్వాలు కోటు మీదే బొచ్చుకోటు తగిలించుకుని వెనకే పరుగెత్తారు.

తాడు మీద కుర్చీలు గాలికి ఊగుతున్నాయి. మూడు టోపీలూ దూరం నుంచి ఒక్కలాగే ఉన్నాయి. కానీ మూడో టోపీ కింద వేలాడుతున్న ఉన్ని బూట్లను జనెర్కె పోల్చుకుంది. పొద్దున వాటికి మంచు దులిపింది తనే. చాయ్ దగ్గర ఆలస్యమైనా, పాపం ఆయన బయలుదేరారు. సగం దిగాక, ఆయన్ని వెతకడం కోసమే ఆయన కుర్చీ ఆగిపోయింది. ఇప్పుడాయన ముందున్న ఇనుప కమ్మీ మెల్లగా పైకి లేస్తోంది.

"ఏం చేస్తున్నారాయన?" అన్నాడు తలాప్.

"దూకుతారు," అన్నారు అత్తగారు. "ఆకలేస్తే ఆయన దేనికీ ఆగరు. గుర్రం మీద నుంచి దూకినట్టే అనుకుంటున్నారు."

"అక్కడ మంచు జానెడే. కింద అంతా రాళ్ళు."

తలాప్ చేతి మైకు అందుకుని, "పెద్దాయనా, దూకవద్దు," అని అరిచాడు. మూడు టోపీలూ అటూ ఇటూ చూసి, ఒకరినొకరు చూపించుకున్నాయి. కమ్మీ పూర్తిగా పైకి లేచింది.

అత్తగారు దగ్గారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఎన్నడూ దగ్గనంత గట్టిగా దగ్గారు. గాలి ఆ దగ్గును పక్క లోయలోకి పట్టుకుపోయింది.

జనెర్కె తలాప్ చేతిలోంచి మైకు లాక్కుంది. "మామయ్యగారూ, ఆగండి." మొదటి టోపీ, రెండో టోపీ ఆమెకు మర్యాదగా తలలూపాయి. వాళ్ళకూ కోడళ్ళున్నట్టుంది. మూడో టోపీ చెవులు కప్పే రేకులు బిగించుకుని, ఒక బూటు గాల్లోకి చాపింది.

ఆ క్షణంలో జనెర్కె కళ్ళ ముందు కంకణం కనిపించింది. మెరుయెర్త్ కనిపించింది. పార్శిల్ వచ్చిన ప్రతిసారీ నవ్వే ఇల్లంతా కనిపించింది. తర్వాత ఆ బూటు కనిపించింది.

పేరు పెట్టి పిలిచేసింది. ఇంటిపేరుతో సహా.

చిత్రమేమిటంటే మైకులోంచి ఒక గొంతు కాదు, రెండు వచ్చాయి. ఎదుటి కొండ ఆ రెంటినీ కలిపి మూడుసార్లు తిరిగి చెప్పింది. మూడో టోపీ ఉలిక్కిపడింది. బూటు వెనక్కి వెళ్ళింది. కమ్మీ దిగింది. హాజరు పిలిచినప్పుడు బడిపిల్లాడు సర్దుకున్నట్టు ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు.

జనెర్కె మైకు దించి పక్కకు చూసింది. తన భుజం మీదుగా ముందుకు వంగిన అత్తగారి నోరు ఇంకా తెరిచే ఉంది. ఆవిడ దాన్ని నెమ్మదిగా మూసుకున్నారు.

"నువ్వేమైనా అన్నావా?"

"లేదత్తయ్యా. మీరేమైనా..."

"నేనెందుకంటాను?"

ఇద్దరూ కొండ వైపు తిరిగారు.

"గాలి అయి ఉంటుంది," అన్నారు అత్తగారు.

"గాలేనత్తయ్యా. పొద్దున్నుంచీ జోరుగానే ఉంది."

"గాలేమిటండీ, ఇంత స్పష్టంగా..." అనబోయి తలాప్ అత్తగారి చూపు చూశాడు. "గాలే," అన్నాడు. అతనికీ ఇంట్లో తల్లీ, భార్యా ఉన్నారు.

రోప్‌వే కదిలింది. మామగారు కుర్చీ దిగారు. మీసానికి నిజంగానే మీగడ అంటుకుని ఉంది. ఆయన టోపీ రేకులు పైకి కట్టుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. మా అమ్మ పోయాక ఆడగొంతులో నా పేరు వినడం ఇదే. హడలిపోయి కూర్చున్నాను. ఎవరది?"

"గాలి," అన్నారు అత్తాకోడళ్ళు ఏకకంఠంతో.

ఆయన తల ఎత్తి కొండ వైపు చూశారు. "బాగుంది," అన్నారు. "అప్పుడప్పుడు వీచినా తప్పులేదు."

ఈలోగా, ఎట్టకేలకు పేరు తెలిసిన సంబరంలో క్సేనియా మైకు అందుకుని, ఆ పేరు గల పెద్దాయన క్షేమంగా దొరికారని కొండంతటికీ మూడుసార్లు చాటింది. సోఫా మీది ఆరుగురూ ఆ పేరు విన్నారు. అది వాళ్ళలో ఎవరికీ తెలిసిన పేరు కాదు. లేచి భోజనాలకు వెళ్ళిపోయారు.

హాన్నెస్ మాత్రం గొర్రె తల పళ్ళెం వెంట స్వయంగా వచ్చాడు. "అయ్యగారిది ఏ శాఖ?" అని క్సేనియా చేత అడిగించాడు.

"పశువైద్యం. రిటైరయ్యాను."

హాన్నెస్ పళ్ళెం వైపు చూశాడు. అది అప్పటికే బల్ల మీద ఉంది. మామగారు గొర్రె పెదవి ఎత్తి పళ్ళు చూశారు. "ఐదేళ్ళది. లేతదని చెప్పి నీకు అంటగట్టారు నాయనా. కూర్చో, తిందాం." చాకుతో చెవి కోసి, అందరికంటే చిన్నదని జనెర్కె చేతిలో పెట్టారు. "తిను. గాలి ఏమంటుందో నీకు బాగా వినపడాలి."

ఎర్రబడ్డ ముక్కుతో ఎల్దోస్ వచ్చాడు. "పై వాలు దాకా నాన్న పేరు వినిపించింది. ఎవరు పిలిచారు?"

"మైకు పిల్ల," అన్నారు మామగారు, ముక్క నములుతూ.

"దానికి ముందు?"

"ముందు గాలి. నువ్వు తిను."

అత్తగారు బల్ల కింద సంచి తెరిచి, చేతిరుమాలు విప్పి, చల్లగా, బరువుగా ఉన్నదేదో జనెర్కె చేతికి తొడిగారు.

"ఇంకా రెండు రోజులుంది కదత్తయ్యా," అంది జనెర్కె గుసగుసగా.

"ఈ రెండు రోజుల్లో ఇంకెంత గాలి వీస్తుందో. ఉంచుకో."

గది ఖాళీ చేసేటప్పుడు క్సేనియా అతిథుల అనుభవాలు రాసే కాగితం ఇచ్చింది. జనెర్కె కంకణం గలగలలాడిస్తూ, జామ్ చాలా బాగుందని రాసింది. పేరు అన్నచోట జనెర్కె అని రాసి, ఇంటిపేరు అన్నచోట ఒక గీత గీసింది.