ఎడమకే పోయే సైకిల్

ఆ సోమవారం పొద్దున్నకి లైబ్రరీ అమ్మగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నరకి కొత్త సైకిలెక్కాలి. వీధి చివరిదాకా తిన్నగా వెళ్ళి, తుంటి విరిగి మంచాన ఉన్న లెక్కల టీచరుగారికి ఆవిడ అడిగిన నవల రెండో భాగం అందించాలి. తొమ్మిదికల్లా లైబ్రరీ తలుపు తీయాలి. ఇందులో చిక్కంటూ వస్తే ఆ రెండో భాగం దొరకడంలోనే వస్తుందని ఆవిడ అనుకుంది. అది వెతకగానే దొరికింది.

గడప దాటలేని పాఠకులకి పుస్తకాలు ఇంటికే చేర్చాలన్న ఆలోచన ఆవిడదే. లైబ్రరీ కమిటీ అధ్యక్షుడు అది విని, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, "నలభై తొమ్మిదేళ్ళకి సైకిలా అమ్మా?" అన్నాడు. "ఒక్క నెల చూడండి సార్" అంది ఆవిడ. "సరే, నెల. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆపేద్దాం" అన్నాడాయన. ఆ మాట మీద ఆవిడ చెల్లెలి పాత సైకిలు పట్టుకుని, స్కూలు మైదానంలో మూడు వారాలు కుస్తీ పట్టి, రెండు మోచేతులూ చెక్కించుకుని మరీ నేర్చుకుంది. ఆ తర్వాతే బజారులో పెద్ద దుకాణానికి వెళ్ళి ఆకుపచ్చ రంగుది, ముందు బుట్ట ఉన్నది, కొత్తది కొనుక్కుంది.

సోమవారం ఇంటి గేటు దాటిందో లేదో సైకిలు ఎడమకి తిరిగింది. ఆవిడ తిప్పలేదు, అదే తిరిగింది. హ్యాండిలు పట్టుకుని ఎంత బతిమాలినా వినకుండా వెళ్ళి, మూలనున్న ఇస్త్రీ బండి పక్కన మూటలో తలదూర్చింది.

"అమ్మగారూ, మీ బట్టలు సాయంత్రానికి ఇస్తానన్నాను కదండీ. ఇంత తొందరైతే ఎలా?" అన్నాడు ఇస్త్రీ ఆయన, పెట్టె పైకెత్తి పట్టుకుని.

గేటు దగ్గర నిలబడి ఆవిడ భర్త అంతా చూశాడు. ముప్ఫై ఏళ్ళు గడియారాలు బాగుచేసి మానుకున్న మనిషి. తిరిగే వస్తువు ఏదైనా తనకి తెలియకుండా తిరగదని ఆయన నమ్మకం.

"సైకిల్లో ఏం లేదు. నీ చేతుల్లో ఉంది లోపం" అన్నాడు.

"నా చేతులకేమండీ? చెల్లెలి సైకిలు తిన్నగానే తొక్కానుగా."

"ఇటివ్వు, చూపిస్తాను."

ఆయన దర్జాగా ఎక్కాడు. పది గజాలు వెళ్ళి, ఎడమకి ఒరిగి, పక్కింటి గేటులోంచి లోపలికి పోయి, పూలకుండీల మధ్య ఆగాడు. పక్కింటావిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏం అన్నయ్యగారూ, ఇంత పొద్దున్నే?"

"ఏం లేదమ్మా, మీ గోడ గడియారం ఎలా నడుస్తోందో చూసి పోదామని."

"మా ఇంట్లో గోడ గడియారం లేదు కదండీ!"

"అదే, ఎందుకు లేదో కనుక్కుందామని."

తిరిగొచ్చి భార్యతో, "భేషుగ్గా ఉంది. నేను కావాలనే అటు వెళ్ళాను" అన్నాడు. ప్యాంటుకి అంటిన మట్టి దులుపుకోవడానికి మాత్రం లోపలికి వెళ్ళాడు.

అప్పుడే అటుగా వచ్చిన డ్రిల్లు మాస్టారుని ఆవిడ ఆపింది. ఆయన ఛాతీ విరుచుకుని ఎక్కాడు. సైకిలు ఆయన్ని వీధి మలుపులో ఎడమవైపున్న మంగలి దుకాణంలోకి తీసుకుపోయి, సరిగ్గా కుర్చీ ముందు దింపింది. లోపల నలుగురు చూస్తున్నారు. నడివీధిలో పిల్లల చేత ఎడమా కుడీ వేయించే మనిషి, కుడికి తిప్పడం నావల్ల కాలేదని ఎలా చెప్తాడు? కుర్చీలో కూర్చున్నాడు. ఉన్న నాలుగు వెంట్రుకలూ కత్తిరించుకుని వచ్చాడు.

"ఎంత తిన్నగా వెళ్ళిందో చూశారుగా. కటింగు పని గుర్తొచ్చి ఆగానంతే" అన్నాడు నున్నగా మెరుస్తూ.

ఇక లాభం లేదని ఆవిడ సైకిలు నడిపించుకుంటూ దుకాణానికి వెళ్ళింది. దుకాణదారుకి కోపం రాదు. నవ్వు ఒక్కటే వస్తుంది.

"సైకిలు తిన్నగానే ఉంది మేడమ్. మీ వీధే కాస్త వంకరేమో చూడండి."

"ఎవరు తొక్కినా ఎడమకే పోతోందండీ. మావారు తొక్కారు, డ్రిల్లు మాస్టారు తొక్కారు."

"అలాగా! అయితే కనుక్కుందాం" అని ఆయన వెంటనే ఆవిడ భర్తకి ఫోన్ కలిపి, ఆవిడకీ వినిపించేలా పెట్టాడు. "ఏం సార్, మా సైకిలు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ! పక్కింటిదాకా హాయిగా వెళ్ళొచ్చాను."

భూమి చీలితే బాగుండునని ఆవిడకి అనిపించింది. తన కోసం కాదు, భర్త కోసం. దుకాణదారు నవ్వుతూనే వెనక గోడమీద బోర్డు చూపించాడు. 'ఒకసారి అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు' అని ఎర్రక్షరాల్లో ఉంది.

ఆవిడ లైబ్రరీకి వచ్చి మొదట చేసిన పని వినియోగదారుల హక్కుల పుస్తకం వెతకడం. బీరువాలో లేదు. రిజిస్టరు తీసి చూస్తే, పదేళ్ళలో దాన్ని ఒకే ఒక్కరు తీసుకెళ్ళారు, మూడేళ్ళ కిందట, తిరిగివ్వలేదు. ఆ ఒక్కరూ సైకిళ్ళ దుకాణదారే.

ఆవిడ మళ్ళీ దుకాణానికి నడిచింది.

"ఆ పుస్తకమా? చాలా ఉపయోగపడిందండీ" అన్నాడు దుకాణదారు, మొదటిసారి కొంచెం ఇబ్బందిగా.

ఎలా ఉపయోగపడిందో ఆవిడకి కిందికి చూడగానే తెలిసింది. పొట్టిగా ఉన్న కౌంటరు కాలు కింద వీపు మోపి పడుకుని ఉంది పుస్తకం. ఆవిడ వంగి ఒక్క లాగు లాగింది. కౌంటరు ఒరిగింది. పైనున్న డబ్బాలోంచి చక్రాల్లో వేసే చిన్న చిన్న ఇనప గోళీలు వందలకొద్దీ జారి నేలంతా పరుచుకున్నాయి. "మేడమ్, కదలకండి!" అని అరుస్తూ దుకాణదారే కదిలాడు. ఆయన జారి నేల మీద కూర్చునేదాకా ఆగి, ఆవిడ పుస్తకం చంకన పెట్టుకుని జాగ్రత్తగా బయటపడింది.

సాయంత్రం ఇంటికి తెచ్చి చదివితే పుస్తకంలో అన్నీ ఉన్నాయి. బిల్లు దాచుకోవాలి. నోటిమాట కాదు, రాతలో ఫిర్యాదు ఇచ్చి నకలు ఉంచుకోవాలి. జవాబు రాకపోతే వినియోగదారుల ఆఫీసుకి రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, బయటివాళ్ళ చేత విప్పించకూడదు. ఆ వాక్యం చదువుతూ ఆవిడ తలెత్తేసరికి, వసారాలో భర్త స్పానరు పట్టుకుని సైకిలు ముందు కూర్చున్నాడు.

"దింపండి ఆ స్పానరు! బయటివాళ్ళు విప్పితే వాళ్ళే పాడుచేశారంటాడు."

"నేను బయటివాణ్ణా?"

"నాకు కాదు. సైకిలుకి."

ఆవిడ రాతలో ఇచ్చిన ఫిర్యాదుకి దుకాణదారు జవాబివ్వలేదు. ఆవిడ వినియోగదారుల ఆఫీసుకి రాసింది. ఎదురుచూసిన రెండు వారాలూ పుస్తకాలు పంచడం మానలేదు. ఒళ్ళంతా కూడదీసుకుని హ్యాండిలుని కుడికి లాగి పట్టుకుంటే సైకిలు తిన్నగా పోతుందని కనిపెట్టింది. కుడికి తిరగడం మాత్రం దాని వల్ల కాదు. కుడివైపు ఇంటికి వెళ్ళాలంటే ఎడమకి తిరుగుతూ మూడు వీధులు చుట్టి రావాలి. ఆ లోపు లైబ్రరీ తెరిచే వేళయ్యేది. ఎడమవైపు ఇళ్ళలో పుస్తకాలు గుట్ట పడ్డాయి. కుడివైపు ఇళ్ళవాళ్ళు మొహాలు ముడుచుకున్నారు. వారిలో ఒకాయన అధ్యక్షుడి చెవిన వేశాడు: "మీ లైబ్రరీ ఆవిడ పూర్తిగా ఎడమవైపు మొగ్గిపోయిందండీ."

అధ్యక్షుడు ఆవిడని పిలిపించి తలుపు దగ్గరగా వేశాడు.

"మన కమిటీకి రాజకీయాలు పడవమ్మా."

"నాకూ పడవు సార్."

"మరి మీరు ఎడమవైపు మొగ్గారని అంటున్నారే?"

"నిజమే సార్. రెండు వారాలుగా."

"ఒప్పుకుంటున్నారా!"

"దాచడానికేముంది సార్, వీధంతా చూస్తోంది. నేను కుడికి వద్దామనే చచ్చేట్టు లాగుతున్నాను. అది అటే లాక్కుపోతోంది."

"ఏది లాక్కుపోతోంది?"

"సైకిలు సార్."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి మళ్ళీ తుడిచాడు. "ఆ పేరుతో ఒక సంఘం ఉందని నాకు తెలియదే" అన్నాడు. శనివారం తానే వచ్చి కళ్ళారా చూసి, పథకం ఉంచాలో తీసేయాలో తేలుస్తానన్నాడు.

శనివారమే వినియోగదారుల ఆఫీసు నుంచి అధికారి కూడా వచ్చాడు. సన్నగా, చేతిలోని గొడుగు పక్కన రెండో గొడుగులా ఉన్నాడు. లైబ్రరీ ముందు జనం చేరారు. దుకాణదారు నవ్వుతూ వచ్చాడు, వెంట సాక్షులుగా ఆవిడ భర్తనీ డ్రిల్లు మాస్టారునీ నిలబెట్టాడు.

"సైకిలు ఎలా ఉంది?" అని అడిగాడు అధికారి.

"బాగుందండీ" అన్నారిద్దరూ, ఆవిడ వైపు చూడకుండా.

"ఎడమకి లాగలేదా?"

"పనుండి మేమే వెళ్ళాం."

"మంచిది. ఇద్దరూ ఇప్పుడు ఒకసారి కుడివైపు వెళ్ళి చూపించండి."

ఇద్దరూ ఒకరినొకరు ముందుకు తోసుకున్నారు. చివరికి డ్రిల్లు మాస్టారు నున్నటి తల తడుముకుని, "నావల్ల కాదండీ. ఈసారి కత్తిరించడానికేమీ మిగల్లేదు" అన్నాడు. భర్త గొంతు సవరించుకున్నాడు. "నా చేతుల్లోనూ... అంటే... సైకిల్లోనే ఏదో ఉందేమోనండీ" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఇంత దూరం వెనక్కి రావడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. కోపం సగం దిగిపోయింది.

"వీళ్ళకి తొక్కడం రాదు, నేను చూపిస్తాను" అని దుకాణదారు ఎగిరి ఎక్కాడు. ఎడమవైపు అరుగు ముందు, చేతులు వెనక కట్టుకుని కళ్ళారా చూస్తున్నాడు అధ్యక్షుడు. ఆయన కళ్ళారా చూస్తుండగానే సైకిలు నేరుగా ఆయన మీదికే వచ్చింది.

దుమ్ములోంచి లేస్తూ అధ్యక్షుడు కళ్ళజోడు వెతుక్కున్నాడు. "ఇదా అమ్మా ఎడమవైపు మొగ్గడం! ముందే చెప్పొచ్చుగా! మీ పథకం నడుస్తుంది, నడిచి తీరుతుంది. ఈయన్ని మాత్రం నా మీదనుంచి లేపండి."

అధికారి జేబులోంచి దారపు ఉండ తీసి, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా లాగి పట్టాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఇనప చువ్వలు ఒక వేలెడు పక్కకి వంగి ఉన్నాయి. "తయారీలోనే వంకర. బిల్లు ఉంది, ఫిర్యాదు నకలు ఉంది, ఎవరూ విప్పలేదు. కొత్తదివ్వండి" అన్నాడు.

"మా దుకాణంలో బోర్డు ఉందండీ, అమ్మిన సరుకు..."

"ఆ బోర్డు గోడకి అందం. లోపమున్న సరుకు దగ్గర అది చెల్లదు."

అరగంటలో దుకాణం నుంచి మరో ఆకుపచ్చ సైకిలు వచ్చింది. అధికారి దారం పట్టి చూశాడు. గీత గీసినట్టుంది. జనం చప్పట్లు కొట్టారు. లైబ్రరీ అమ్మగారు బుట్టలో పుస్తకాలు సర్దుకుని, మొదటిసారి తలెత్తుకుని, అందరి ముందూ సైకిలెక్కింది. రెండు వారాలుగా చేసినట్టే ఒళ్ళంతా కూడదీసుకుని, హ్యాండిలుని గట్టిగా కుడికి లాగి పట్టుకుని తొక్కింది.

సైకిలు చెప్పిన మాట విన్నది. కుడివైపు పరుపులు కుట్టే దుకాణం ముందు ఏకి పోసిన దూది కుప్పలోకి బాణంలా దూసుకుపోయింది. ఆవిడ కొంతసేపు కనిపించలేదు. తర్వాత దూదిలోంచి ఒక చెయ్యి, చేతిలో నవల మూడో భాగం, ఆ వెనక తెల్లటి తలా బయటికొచ్చాయి.

"సార్!" అంది ఆవిడ నోట్లో దూది ఊసేస్తూ. "ఇది కుడికి లాగుతోంది! రాసుకోండి!"

అధికారి వచ్చి మళ్ళీ దారం పట్టి చూశాడు. సైకిలు వైపూ, ఆవిడ చేతుల వైపూ చూసి, దారం ఉండ చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

"సైకిలైతే మార్పించగలిగానమ్మా" అన్నాడు. "అలవాటు మార్చివ్వడం మా ఆఫీసు పరిధిలోకి రాదు."