పచ్చరంగు స్టార్టరు

పదకొండు గంటలకు భార్యకు డ్రైవింగు పరీక్ష. తొమ్మిదిన్నరకే బయలుదేరి దారిలో మలుపులు సాధన చేయిద్దామని గుమాస్తాగారు పొద్దున్నే ప్రకటించారు. ఆవిడకు ల్యాబు నమూనాలు కార్లో చేరవేసే ఉద్యోగం దాదాపు ఖాయమైంది. సోమవారానికి లైసెన్సు చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది. అందుకే కారు నిక్షేపంగా ఉండాలని ఆయన ముందురోజు పాత స్టార్టరు మోటారు పీకి, కొత్తది స్వహస్తాలతో బిగించారు. మెకానిక్కుల్ని నమ్మే రకం కాదాయె.

బిగించే ముందు దానికి రంగు కూడా వేశారు. ఆయనకదో జబ్బు. గేటు, కుళాయి, చీపురు పిడి, ఇంట్లో పారిపోలేని వస్తువేదీ ఆ కుంచె నుంచి తప్పించుకోలేదు. గేటుకు వేయగా మిగిలిన పచ్చరంగును మోటారుకు, బోల్టులు కూర్చునే చోటుతో సహా, రెండు పూతలు పూసి మురిసిపోయారు.

తీరా తాళం తిప్పితే "టిక్" అంది. మళ్ళీ తిప్పినా అంతే. బ్యాటరీ పోయిందని తేల్చి, మీటరు పెట్టి చూస్తే అది గుండ్రాయిలా ఉంది. దాంతో బావమరిదిని పిలిపించారు.

ఆ తమ్ముడుగారు లిఫ్టులు బాగుచేస్తాడు. ఏ యంత్రం ఆగినా లోపం స్విచ్చులోనే ఉంటుందని అతని సిద్ధాంతం. వస్తూనే స్టీరింగు కింది మూత ఊడదీసి వైర్లన్నీ బయటికి లాగాడు. నిన్న మార్చింది బానెట్టు కింది మోటారైతే ఈ వైర్ల జోలికెందుకని అక్క అడిగింది. ఆవిడకు కరెంటు సంగతులు తెలియవని బావా బావమరుదులు ఏకగ్రీవంగా తీర్మానించారు. పదింటికి వైర్లు తోచిన చోట గుచ్చి మూత బిగించారు. తాళం తిప్పితే మళ్ళీ టిక్కే. బ్రేకు తొక్కితే మాత్రం హారను మోగింది.

"చూశావా బావా, కరెంటు వస్తోంది" అన్నాడు తమ్ముడు.

ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. "రెండు నెలలు ఆగితే దొరికిన తేదీ అండీ ఇది. మీకు ఆటగా ఉంది" అని, వీధి చివరి మెకానిక్కును తానే వెళ్ళి వెంటబెట్టుకొచ్చింది.

అతను బానెట్టు ఎత్తి, పచ్చటి మోటారును చూసి, గుమాస్తాగారిని ఇంకాసేపు చూశాడు. "దీనికి కరెంటు తిరిగెళ్ళే వైరు వేరే ఉండదు సార్. ఇనుముకి ఇనుము తగిలితేనే వెళ్తుంది. మధ్యలో మీరు రంగేశారు" అన్నాడు. బోల్టులు విప్పి, చాకుతో రంగు గీకి బిగించేసరికి ఇంజను ఠక్కున అందుకుంది. హారను సంగతి చూడాలంటే ఇంకో గంట కావాలట. అప్పటికే పదిన్నర దాటింది.

ఆవిడే నడిపింది. పక్కన గుమాస్తాగారు, వెనక తమ్ముడు. బ్రేకు తొక్కినప్పుడల్లా హారను, హారను మోగినప్పుడల్లా రోడ్డున పోయేవాళ్ళ తిట్లు. పక్కనున్న ఆయన ఇచ్చే సలహాలు వాటికి అదనం, గోరుచుట్టుపై రోకటిపోటులా. పదకొండుకు రెండు నిమిషాల ముందు పరీక్ష పెట్టే మైదానంలో ఆపితే, అక్కడ కూడా హారను గట్టిగా మోగింది.

పరీక్షాధికారి చెవులు మూసుకుంటూ వచ్చి, దీన్ని బాగుచేసిందెవరని అడిగాడు. ఆవిడ దాచకుండా ఇద్దరినీ చూపించింది. లైసెన్సు మీద ఆశ అక్కడితో వదిలేసుకుంది కూడా. అధికారి ఎక్కి మూడు మలుపులు తిప్పించి, సంతకం పెట్టేశాడు.

"ఈ బండిని, వీళ్ళిద్దరితో సహా ఇక్కడిదాకా తెచ్చారు. ఇంకా నేను పెట్టే పరీక్షేముందమ్మా" అన్నాడు.

తన శిక్షణ ఊరికే పోలేదని గుమాస్తాగారు సాయంత్రానికల్లా వీధిలో అందరికీ చెప్పేశారు.