ఖాళీ కెమెరా ప్రార్థన

ఒక పెద్ద అడవిలో ఓ బుల్లి సంఘం ఉండేది. పేరు మాత్రం సంఘం కంటే పొడవు: అఖిలారణ్య చిన్న రీలు ఆరాధకుల సంఘం.

అటవీ బంగళాలో ఎవరో పెద్దమనిషి మరిచిపోయి వెళ్ళిన కీ ఇస్తే తిరిగే పాతకాలపు సినిమా కెమెరా, చిటికెన వేలంత వెడల్పు కూడా లేని ఫిల్ము రీళ్ళు కొన్ని, బొమ్మ వేసే యంత్రం ఒకటి. ఇవే సంఘం ఆస్తులు.

కోతులు ఊళ్ళోంచి ఎత్తుకొచ్చిన సెల్‌ఫోన్లలో పొద్దస్తమానం తమ మొహాలు తామే తీసుకునేవి. వాటిని చూస్తే సభ్యులకు ఒళ్ళుమంట. "ఫిల్ము అంటే తపస్సు! కోతులకేం తెలుస్తుంది?" అనేవారు.

తపస్సు మాట ఎలా ఉన్నా, రీళ్ళన్నీ అధ్యక్షులు నక్కగారి రిబ్బను కత్తిరింపులకే ఖర్చయిపోయాయి. ఇక ఒక్కటే మిగిలింది. తిప్పితే రెండు నిమిషాల బొమ్మ. దాన్ని చల్లదనం కోసం కోశాధికారి ఎలుగుబంటి తన గుహలో దాచింది.

ఆ రీలు మీద గుండ్రటి పెద్ద కళ్ళతో కొమ్మల మీద తిరిగే దేవాంగపిల్లి మెల్లయ్య ఆశ పెట్టుకున్నాడు.

మెల్లయ్యకు అమ్మమ్మ ఉంది. కొమ్మ మీద నడిస్తే ఆకు కదలదు. వాళ్ళ జాతిలో ఆ నడక తెలిసిన చివరి ప్రాణి ఆవిడే. కుర్ర దేవాంగపిల్లులు ఇప్పుడు కోతుల్ని చూసి గంతులు నేర్చాయి. అమ్మమ్మకు ఆయాసం పెరుగుతోంది. ఈ చలి దాటుతుందో లేదో.

"ఆ నడక ఒక్కసారి ఫిల్ములో పట్టుకుంటే చాలు. ఇంకేమీ అడగను," అని అర్జీ పెట్టాడు.

"మెల్లయ్యా, అడగడంలో తప్పులేదు. ఇవ్వడంలోనే ఇబ్బంది," అన్నారు నక్కగారు. "సమావేశం నాడే నాకు సన్మానం ఉంది, రీలు దానికీ కావాలి. వద్దంటే వినరే! సరే, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించి తేలుద్దాం."

ఈ సంఘానికి ఒక ఆచారం ఉంది. రీళ్ళు అయిపోతున్న కొద్దీ భక్తి పెరిగి పుట్టిన ఆచారం అది. సమావేశానికి ముందు ఖాళీ కెమెరాను సభవైపు తిప్పి నిలబెడతారు. ఒక్కొక్క సభ్యుడూ వచ్చి, ఒకసారి కీ ఇచ్చి, బొత్తాం నొక్కుతాడు. కెమెరా కిర్రుమంటుంది. మిగతావారు కళ్ళు మూసుకుని వింటారు. దాన్నే ప్రార్థన అనేవారు.

కొంగ ఆ శబ్దానికి పండితురాలు. "ఆహా! ఇది తుప్పు శబ్దం కాదు, తత్వం!" అని ఒంటికాలి మీద తన్మయురాలయ్యేది.

ప్రార్థన నిబంధనలు రాసింది నక్కగారే. అవి కార్యదర్శి ముళ్ళపంది ముళ్ళకు గుచ్చి ఉండేవి. కానీ నక్కగారు ఏనాడూ ప్రార్థనకు రాలేదు. పెద్దవాళ్ళు కదా, అది అయ్యాకే వచ్చేవారు.

సమావేశం నాడు మాత్రం అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. మెల్లయ్యకు ఆశ్చర్యం వేసింది. ఎలుగుబంటి మూతికి పొద్దున్నే తేనె అంటుకుని ఉండడం ఇంకో ఆశ్చర్యం.

ముళ్ళపంది గొంతు సవరించుకుంది. "ప్రార్థన!"

నక్కగారు ఉలిక్కిపడ్డారు. "ఇవాళ... ప్రార్థన మానేద్దామా? కార్యక్రమాలు చాలా ఉన్నాయి."

"మానడమా!" కొంగ రెండో కాలు కూడా దించేసింది. "నిరుడు ప్రార్థన ఎగ్గొట్టాడని కుందేల్ని సంఘంలోంచి వెళ్ళగొట్టింది మీరు కాదూ?"

ఎలుగుబంటి వెళ్ళి కీ ఇచ్చి, బొత్తాం నొక్కి, ముందుకొచ్చి చంక గోక్కుంటూ నిలబడింది. కెమెరా కిర్రుమంది. నక్కగారు దండలు సర్దే నెపంతో దాని ముందుకు పరుగెత్తారు.

"అధ్యక్షా, ఏడో నిబంధన," అంది ముళ్ళపంది. "ప్రార్థన వేళ కెమెరాకు అధ్యక్షులు అడ్డం రారాదు. తమరు రాసిందే."

నక్కగారు తోక ముడిచి పక్కకు తప్పుకున్నారు.

తరవాత వంతు మెల్లయ్యది. కీ ఇచ్చాడు. బొత్తాం నొక్కాడు. దేవాంగపిల్లి కళ్ళు కదా, చిన్నది కూడా పెద్దగా కనిపిస్తుంది. కెమెరా పక్కన రీలు ఎంత మిగిలిందో చూపే సన్నటి సూది ఉంటుంది. ఫిల్ము లేకపోతే అది కదలదు.

అది కదులుతోంది.

మెల్లయ్య ఎలుగుబంటి మూతి చూశాడు. నక్కగారి మొహం చూశాడు. సంగతి అర్థమైంది. కోశాధికారికి తేనె తినిపించి, చేతులెత్తే లోపలే రీలు ఎక్కించేశారన్నమాట. ప్రార్థన సంగతి, ఎప్పుడూ రానివాళ్ళకు గుర్తెలా ఉంటుంది?

అరిచి అందరికీ చెప్పడం ధర్మం. మెల్లయ్య నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే, ఎప్పటిలాగే ఆలస్యంగా, ఎదుటి కొమ్మ మీద అమ్మమ్మ వస్తోంది.

మెల్లయ్య నోరు మూసుకున్నాడు. కెమెరాను అటు తిప్పాడు.

"ఇదేంటి, పక్కకు తిప్పావు?" అంది ముళ్ళపంది.

"అమ్మమ్మ కూడా సభ్యురాలే కదా! అటు తిప్పినా కెమెరా సభవైపు ఉన్నట్టే. మీరంతా ఇలా వచ్చి కీ ఇచ్చి వెళ్ళండి, నేను కదలకుండా పట్టుకుంటాను."

సభ్యులు వరసగా వచ్చి కీ ఇచ్చారు. ఒక్కొక్క కీకి నక్కగారి ప్రాణం కొంచెం కొంచెం పోయింది. కానీ ఏమని అరుస్తారు? "ఆపండి, నేను దొంగిలించింది అయిపోతోంది" అనా?

ప్రార్థన ముగిసింది. అందరూ ఉసిరికాయలు నములుతుండగా నక్కగారు తేరుకున్నారు. అడుగున కొంచెమైనా మిగిలి ఉండకపోతుందా అని వారి ఆశ.

"మిత్రులారా! మీరు ఫలహారంలో ఉండగా చెట్టు తొర్రలో రీలు ఎక్కించేశాను. ఇప్పుడు తెరిస్తే వెలుతురు తగిలి పాడవుతుంది. కాబట్టి చేతులెత్తే శ్రమ మీకు లేదు. సన్మానం కానివ్వండి!"

శాలువా కప్పారు. కెమెరా కిర్రుమంది. కొంగ కళ్ళు మూసుకుంది. "విన్నారా తేడా? ప్రార్థనప్పుడు బోలుగా ఉంది. ఇప్పుడు చూడండి, ఎంత నిండుగా ఉందో! ఫిల్ము ఉంటే ఆ అందమే వేరు!"

మెల్లయ్యకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించాడు.

గబ్బిలాలు తమ చీకటి గుహలో రీలు కడిగి ఆరబెట్టి ఇచ్చాయి. పున్నమి వెళ్ళాక తెల్లటి సున్నపురాయి మీద బొమ్మ వేశారు.

మొదట ఎలుగుబంటి చంక. ఆపైన ఒక నక్కతోక, ముడుచుకుని పోతూ. ఆ తరవాత అంతా కొమ్మే. కొమ్మ మీద అమ్మమ్మ. ఒక చెయ్యి, ఒక కాలు, మళ్ళీ ఒక చెయ్యి. పక్కన ఒక్క ఆకూ కదల్లేదు. ఆవిడ కొమ్మ చివరికి చేరకముందే రీలు అయిపోయింది.

కుర్ర దేవాంగపిల్లులు గంతులు మానేసి నోళ్ళు తెరుచుకుని చూశాయి. అమ్మమ్మ మెల్లయ్య చెవి దగ్గరికి వంగింది.

"ఎవర్రా ఆ ముసల్ది? నడక భేషుగ్గా ఉంది."

"నువ్వేనే అమ్మమ్మా."

"ఛ! నేనింత వేగంగా నడుస్తానా?"

"అదంతా సరే," అంది ముళ్ళపంది, "అధ్యక్షుల సన్మానం ఏదీ?"

అందరూ నక్కగారి వైపు తిరిగారు.

నక్కగారు మెల్లగా లేచారు. శాలువా తీసి అమ్మమ్మ భుజాల మీద కప్పారు.

"ప్రార్థనకు ముందే రీలు ఎక్కించింది నేనే. ఒక వృద్ధురాలి నడక ముందు నా సన్మానం ఎంత? కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఖాళీ కెమెరా ముందు నిలబడి నవ్వాను, మిత్రులారా!"

అడవి చప్పట్లతో మారుమోగింది. ఎలుగుబంటి ఏడ్చేసింది. "నేనప్పుడే అనుకున్నా, ప్రార్థనప్పుడు శబ్దం నిండుగా ఉందని," అంది కొంగ. ముళ్ళపంది అక్కడికక్కడే కొత్త నిబంధన ఒకటి గుచ్చుకుంది: నక్కగారే శాశ్వత అధ్యక్షులు.

నిజం చెప్పేద్దామని మెల్లయ్య లేచాడు. నిజంలో తన వాటా కూడా ఉందని గుర్తొచ్చి సగంలో ఆగాడు. అమ్మమ్మ అతని చెయ్యి పట్టి లాగింది.

"కూర్చోరా. ఆ ముసల్దాన్ని మళ్ళీ వెయ్యమను. ఈసారైనా చివరికి చేరుతుందేమో చూద్దాం."

నీతి: దొంగిలించింది చేతిలో నిలవకపోతే దిగులుపడొద్దు, దాన్ని త్యాగం అని చెప్పుకుంటే శాలువా ఇచ్చేసినా పదవి మిగులుతుంది.