రత్తయ్య గారి అడవి

ఆ రోజు జయంత్ పథకం చాలా చిన్నది. భవానీపురంలో పొద్దున్నే ఇడ్లీ తిని, చల్లపల్లి దగ్గర రత్తయ్య గారి బీడుకు చేరి, డైరెక్టర్ కిరీటి గారికి దాన్ని చూపించి, ఉద్యోగం నిలబెట్టుకోవడం. తాతల కాలంలో అడవి నరికి ఊరు కట్టుకున్నవాళ్ల సినిమా అది. పచ్చటి డెల్టాలో ముళ్లూ పుట్టలూ ఉన్న నేల దొరకడం మాటలు కాదు. అన్నదమ్ముల వాటాల తగవు పుణ్యమా అని ఏళ్ల తరబడి ఎవరూ అడుగుపెట్టని ఆ చేను కనబడగానే జయంత్ దణ్ణం పెట్టినంత పని చేశాడు. అంతకుముందు చూపించిన లొకేషన్లన్నీ చెడ్డాయి మరి. ఈసారి తేడా వస్తే ఇంటికేనని కిరీటి గారు చెప్పేశారు.

తీరా వెళ్లేసరికి దారి తప్పానేమో అనుకున్నాడు. తుమ్మ లేదు, జిల్లేడు లేదు. నేలంతా చదునుగా దున్ని ఉంది. గట్టు మీద ముగ్గు. రత్తయ్య ఉతికిన పంచెతో ఎదురొచ్చాడు.

"రండి బాబూ! ఎలా ఉంది?"

"చెట్లేవండీ?"

"హీరో గారు మొదటిసారి మా చేలో కాలు పెడుతుంటే ముళ్లు గుచ్చుకోవాలా? పరువేం కాను? నిన్నంతా పొక్లెయిన్ పెట్టించా. మా తమ్ముడు కూడా తగవు పక్కనెట్టి ట్రాక్టర్ తెచ్చాడు."

"నాక్కావాల్సింది ఆ ముళ్లేనండీ!"

రత్తయ్య నొచ్చుకున్నాడు గానీ కాదనలేదు. కాలవ గట్టున పారేసిన కంపంతా వెనక్కి తెప్పించాడు. చేనంతా పరవమని చెప్పి జయంత్ డైరెక్టర్‌కు ఎదురెళ్లాడు. రత్తయ్య భార్య రావమ్మకు అది వింతగా తోచింది. దున్నిన చేలో కంప ఎవరైనా పరుస్తారా? పట్నం కుర్రాడు తెలియక అని ఉంటాడు. కూలీల చేత చేను చుట్టూ ముచ్చటైన కంచె వేయించింది.

హీరోనూ యూనిట్‌నూ వెంటబెట్టుకొచ్చిన కిరీటి గారు కారు దిగి కంచె చూశారు, ముగ్గు చూశారు, జయంత్‌ను చూశారు.

"అడవేదయ్యా?"

"నిన్నటిదాకా ఉంది సార్."

ప్రాణం మీదికొచ్చేసరికి జయంత్‌కు ఉపాయం తట్టింది. "గట్టు దగ్గర నేల రాయిలా ఉంది సార్. హీరో గారు అక్కడ పలుగేస్తే, క్లోజప్‌లో అడివే అనిపిస్తుంది."

హీరోకు జిమ్‌లో పెంచిన కండలు చూపించే అవకాశం అదే మొదలు. ఒక్క పోటుకే గట్టు తెగింది. అవతల కాలవ నిండుగా ఉంది.

నీళ్లు చేలోకి దూకుతుంటే యూనిట్ అంతా పరుగులు పెట్టింది. రత్తయ్య మాత్రం కదల్లేదు. ఇన్నేళ్లకు తన చేలో నీళ్లు చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"నీళ్లొచ్చాక చూస్తా కూర్చుంటామా? దమ్ము చెయ్యండ్రా!"

తమ్ముడు ట్రాక్టర్ దించాడు. పక్క చేలవాళ్లు మిగిలిన నారు మోసుకొచ్చారు. ఎండ తిరిగేసరికి ఆడవాళ్లు వరసగా వంగి నాట్లేస్తున్నారు. జయంత్ ఎవరూ చెప్పకుండానే బ్యాగు సర్దుకున్నాడు.

"కెమెరా తిప్పండి!" అన్నారు కిరీటి గారు.

పొద్దుగూకే వేళకు ఆయన జయంత్ భుజం మీద చెయ్యేశారు. "అడవి మాగాణి అయ్యే చివరి సీనయ్యా ఇది! సెట్ వేసినా ఇలా రాదు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు." తరవాత రత్తయ్య వైపు తిరిగారు. "మొదటి సీనుకు అడవి కావాలి కదండీ. ఆ తూర్పు మూల నాటకుండా వదిలేయండి. అక్కడ ముళ్లకంప పెరిగేదాకా మావాడు మీ ఇంట్లోనే ఉంటాడు."

జయంత్ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఇంట్లో చుట్టం ఉండగా చేలో కలుపు కనబడితే బాగుండదని, ఆ తూర్పు మూల మొలిచిన గడ్డి మొలిచినట్టే రావమ్మ పీకేస్తోంది.