బలరామిన్

"రాత్రుళ్లు నిద్ర మానుకొని ప్రపంచ ప్రోటీన్ల డేటాబేసంతా గాలించినాను. మన గుడియాత్తం ఉలవల్లోని ఈ ప్రోటీను భూమ్మీద ఇంకెక్కడా లేదు!" అని ప్రొఫెసర్ గుణశేఖరం మైకులో చాటినాడు.

వేలూరు కాలేజీ హాలు చప్పట్లతో అదిరింది. ప్రోటీనుకు బలరామిన్ అని పేరు కూడా పెట్టేసినారు. ల్యాబుకు మిషను కొనిచ్చింది గుడియాత్తం నూనె వ్యాపారి బలరామయ్య మరి.

ఉలవపిండి నుంచి ఆ ప్రోటీను తీసిన శృతికి మాత్రం చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. సారు సంతకం పెడితేనే ఆమెకు డాక్టరేటు. "డేటాబేసు పెద్దోళ్ల పని, నువ్వు పోవద్దు" అని సారు ముందే చెప్పినాడు. అయినా పొద్దున గుడియాత్తం నుంచి వచ్చే రైలు లత్తేరి స్టేషను దాటినాక, ఆ ప్రోటీనుకు మిషను ఇచ్చిన అక్షరాల వరుసను ఫోనులోనే డేటాబేసులో వేసి చూసింది. కెరటిన్ అని వచ్చింది. మనిషి చర్మంలో ఉండేది.

ఎట్ట వచ్చిందో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. పని మొదలుపెట్టిన రోజు పూజ చేసి, పెండ్లిలో తాళిబొట్టు తిప్పినట్టు, పిండిని వెండి పళ్లెంలో పెట్టి బలరామయ్య చేతా, ఆయన బంధువులందరి చేతా ముట్టించినాడు సారు.

"మా శృతి రెండు మాటలు చెప్తుంది" అని సారు పిలిచినాడు. ఆమె దగ్గరికి పోయి మెల్లిగా చెప్పింది. మైకు ఆపలేదని ఇద్దరూ చూసుకోలేదు.

"సార్, ఇది ఉలవలది కాదు. మనిషి చర్మానిది. డేటాబేసులో ఉండాది."

"అందులోకి ఎట్ట పోయినావు? నా పాస్‌వర్డు నీకు యాడ దొరికింది?"

"దానికి పాస్‌వర్డే లేదు సార్. ఎవరైనా చూడొచ్చు."

ఆ మాటలు మైకులో హాలంతా వినబడినాయి.

ముందు వరసలో బలరామయ్య అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఎవరి చర్మమమ్మా?"

"పళ్లెం ముట్టినోళ్లది, తాతా."

"మొదట ముట్టింది నేనే గదా? అట్టయితే పేరు సరిగ్గానే పెట్టినావప్పా, గుణశేఖరం."

సారుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "అదే నేను చెప్పేది! శృతీ, కొత్త పిండితో మళ్లీ చెయ్యమ్మా. ఏది వస్తే దానికే సంతకం పెడతా." ఆ మాటా హాలంతా వినింది.

"మళ్లీ మొదలంటే మళ్లీ పూజే గదా" అన్నాడు బలరామయ్య. "ఈసారి ఆంబూరు చుట్టాలను కూడా పిలిపిస్తా."

ఆ సాయంత్రమే శృతి ల్యాబుకు బీగం వేసి, తాళంచెవి చున్నీకి ముడేసుకొని గుడియాత్తం రైలెక్కింది.