రెండు కట్టల పుంటికూర

బుధవారం రాజమణికి వీక్లీ ఆఫ్. ఆ ఒక్కరోజు మటుకు ఎవరితోనూ వాదించకూడదని ఆమె ఎన్నడో తీర్మానించుకుంది. సిటీ బస్సులో పద్దెనిమిదేళ్లుగా కండక్టరు. చిల్లర కోసం, సీటు కోసం, ఎవరో నిద్రపోయి స్టాపు దాటిపోయినందుకు ఆరు రోజులు గొంతు చించుకునే మనిషికి, ఏడో రోజు నోరు తెరవడమే బరువుగా ఉండేది. ఆ అలసట కిందే పడి ఇంట్లో వంట కూడా ఆగిపోయింది. రెండేళ్లుగా కుక్కర్లో అన్నం, కర్రీ పాయింటు నుంచి పాకెట్లలో కూర. మొన్న భర్త ప్రేమ్‌రాజ్‌కు షుగర్ పెరిగిందని డాక్టర్ చెప్పినప్పుడు ఆమెకు భయం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది.

అందుకే ఆ పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. మీరాలం మండీకి పోయి తాజా కూరలు తేవాలి. పుంటికూర పప్పు, జొన్నరొట్టె చేయాలి. తిని పడుకోవాలి.

మండీలో అడుగుపెట్టగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నీళ్లు చల్లిన కొత్తిమీర వాసన, తొడిమ వాడని వంకాయలు, కొస విరిస్తే టక్కుమనే లేత బెండకాయలు. ఒక్కోటీ చేతిలోకి తీసుకుంటుంటే, చిన్నప్పటి స్నేహితురాలు ఎదురుపడి "ఇన్నాళ్లు ఏమైపోయినవే" అని అడుగుతున్నట్టుంది. కొందరు గోంగూర అనే ఎర్రకాడల పుంటికూర కుప్ప ముందు ఆగి, "దో కట్టే దేదో భాయ్" అని చెప్పి, పక్కకు తిరిగి టమాటాలు ఏరుకోసాగింది.

మండీలో కట్ట అంటే యాభై చిన్న కట్టలు కలిపి కట్టిన మోపు. ఆ సంగతి ఆమెకు తెలిసేసరికి హమాలీ రెండు మోపులూ బయట ఆగిన ఆటోలోకి ఎక్కించేశాడు. వెనక్కి ఇవ్వాలంటే వాదించాలి. రాజమణి ఒక నిట్టూర్పు విడిచి, డబ్బులిచ్చి, ఆకుల మధ్య ఎలాగో ఇరుక్కుని కూర్చుంది.

"జూ గేట్ పే ఛోడూఁ, అమ్మా?" అన్నాడు ఆటో డ్రైవరు, అద్దంలో ఆ పచ్చదనాన్ని చూసి, జూలో జంతువులకు మేత అనుకుని.

"ఇంటికే పోనియ్," అంది.

బహదూర్‌పురాలో ఆటో ఆగేసరికి పై అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు విమలాదేవి గేటు దగ్గరే ఉంది. "ఏంది రాజమణీ, గింత కూర? మెస్సు గిట్ల పెడుతున్నవా?"

"ఆఁ, మెస్సే," అంది రాజమణి, మోపు ఈడ్చుకుంటూ.

అరవై రెండేళ్ల జీవితంలో విమలాదేవికి వెటకారం అర్థమైన దాఖలా ఒక్కటీ లేదు. పావుగంటలో గల్లీకంతా తెలిసింది. మొదట ఎదురింటి పాల డెయిరీ బాలనర్సింహ స్టీలు బాక్సుతో వచ్చాడు. "అక్కా, మా ఇంటిది పుట్టింటికి పోయింది. వారం సంది బయట తిండే. మధ్యానానికి జెర నాకు గూడ."

వారం నుంచి బయట తిండి అన్న మాట రాజమణికి తగలకూడని చోట తగిలింది. బాక్సు తీసుకుంది. అదే ఆమె చేసిన తప్పు. తొమ్మిదయ్యేసరికి గేటు గోడ మీద పద్నాలుగు బాక్సులు వరుసగా నిలబడ్డాయి. రిటైర్డ్ టీచరు వైకుంఠం సారు తన బాక్సు మీద 'ఉప్పు తక్కువ' అని చీటీ కూడా అంటించాడు.

ఇంతలో విమలాదేవి శుభాకాంక్షలు చెబుదామని ప్రేమ్‌రాజ్‌కు ఫోన్ చేసింది. నీళ్ల ఆఫీసులో పంపు ఆపరేటరైన ప్రేమ్‌రాజ్ చేతిలో పని ఆపేశాడు. మెస్సు పెట్టిందంటే నౌకరి వదిలేసినట్టే కదా. భార్యను అడిగే ధైర్యం లేక నేరుగా డిపోకు ఫోన్ చేసి, "సార్, మా ఆమె రాజీనామా ఇచ్చిందా?" అని అడిగాడు. అప్పటిదాకా ఆ ఊసే తెలియని కంట్రోలర్, "ఓహో, ఇస్తుందా?" అని డ్యూటీ చార్టు ముందు వేసుకున్నాడు.

పది నిమిషాలకు రాజమణి ఫోన్ మోగింది. "రాజమణమ్మా, పోతున్నవని ఒక్క మాట చెప్పొద్దా? నీ డ్యూటీ ఇంకో కండక్టరు సోనీకి రాసిన."

"నేను యాడికి పోతలేను సార్. ఎవరు చెప్పిండ్రు మీకు?"

"మీ ఆయననే. ఇప్పుడంటే ఎట్లమ్మా, చార్టు గోడకు అంటించిన. ఈ వారానికి నువ్వు పొద్దుగాల నాలుగున్నర బస్సు ఎక్కు."

ఆమె ఫోన్ పెట్టేసరికి ప్రేమ్‌రాజ్ ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నౌకరి ఎందుకు ఇడిసిపెట్టినవే? నాకు చెప్పాలని అనిపించలేదా?"

రాజమణి అతని వైపు చూసింది, వంద కట్టల వైపు చూసింది. తర్వాత గేటు దాకా నడిచి, ఆ రోజు మొదటిసారి బస్సులో గొంతుతో అరిచింది. "మెస్సు లేదు, ఏం లేదు. ఎవరి బాక్సులు వాళ్లు తీస్కపోండ్రి."

నిజం చెప్పింది. కానీ మొగుడు ఇంట్లోకి పోయిన రెండు నిమిషాలకు ఆడమనిషి బయటికొచ్చి మెస్సు లేదంటే గల్లీకి ఒకటే అర్థమవుతుంది. విమలాదేవి చీర కొంగు బిగించి దిగింది. "ఏం ప్రేమ్‌రాజూ, ఆమె ఇన్నేండ్లకు ఒక పని మొదలుపెడితే ఆగం చేస్తవా?"

"నేనేమన్న అమ్మా?"

"నువ్వేమనకపోతే ఆమె ముఖం ఎందుకట్లయింది?" అన్నాడు వైకుంఠం సారు, తన బాక్సు మటుకు అక్కడే ఉంచి.

ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్లు ఊరికే కూర్చోలేక పుంటికూర ముందు వేసుకుని ఆకు తెంపడం మొదలుపెట్టారు. తాను దుర్మార్గుణ్ని కానని రుజువు చేసుకోవడానికి ప్రేమ్‌రాజ్ నడుముకు తువ్వాలు చుట్టి పొయ్యి ముందు నిలబడ్డాడు. పప్పెంత, చింతపండు వేయాలా వద్దా అని తలా ఒక మాట చెబుతుంటే కలుపుతూ పోయాడు. "నువ్వు జెర కూసో బిడ్డా," అని విమలాదేవి రాజమణిని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. ఎండుమిర్చి, ఎల్లిపాయల తాలింపు వాసన వస్తుండగా ఆమెకు కళ్లు మూతపడ్డాయి.

లేచేసరికి మూడున్నర. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, బాక్సులు లేవు. ప్రేమ్‌రాజ్ ఆమె కోసం దాచిన గంటెడు పప్పు, చల్లారిన రొట్టె ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ముద్ద పెట్టుకుంది. పులుపు సరిగ్గా ఉంది. ఉప్పూ సరిగ్గా ఉంది. రెండేళ్ల తర్వాత ఇంట్లో వండిన కూర, తన చెయ్యి పడకుండానే, తన వంట కన్నా బాగుంది. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. దేనికీ ఓపిక లేక ఇంకో ముద్ద తింది.

సాయంత్రం బాలనర్సింహ కడిగిన బాక్సు తెచ్చిచ్చాడు. "పప్పు మస్తుంది అక్కా. నువ్వు ఫికర్ చెయ్యకు, రేపు గూడ ప్రేమ్‌రాజ్ అన్ననే వండమను."

మర్నాడు నాలుగున్నర బస్సుకని రాజమణి గేటు తీసేసరికి గోడ మీద పదిహేడు బాక్సులున్నాయి. ప్రేమ్‌రాజ్ మూడు రోజులు సెలవు పెట్టాడు. చీటీలో కారణం దగ్గర 'ఇంటిపని ఒత్తిడి' అని రాశాడు.